కొండలూ సముద్రమూ ఒకే ప్రయాణంలో: విజయవాడ, గుంటూరు వారికి ఏ దారి మేలు?

వరుసగా రెండు మూడు రోజులు సెలవులు కలిసివచ్చినప్పుడు కారు తీసుకుని కొండలనూ సముద్రాన్నీ ఒకే విడతలో చూసి రావాలని విజయవాడ, గుంటూరు ప్రాంతాల కుటుంబాలు చాలా అనుకుంటాయి. అయితే ఎంపిక ఎక్కువగా ఊరి పేరును బట్టే జరిగిపోతుంది. అరకు అన్న మాట వినపడగానే మిగతా దారులన్నీ పక్కకు పోతాయి. ఆ తరువాత రెండు రోజుల సెలవులో రానూపోనూ తొమ్మిది వందల కిలోమీటర్లు తిరిగి, అరకులో ఒక పూట, విశాఖ తీరాన ఒక గంట గడిపి, నడుము నొప్పితో ఇల్లు చేరడం జరుగుతుంది. ఊరు మంచిదే కాని, ఆ ఊరికి మన దగ్గర ఉన్న సమయం సరిపోదు. అందుచేత మొదట సమయాన్ని లెక్కపెట్టుకుని, ఆ లెక్కకు ఏ దారి ఒదుగుతుందో చూసుకోవడమే సరైన పద్ధతి.

సమయాన్ని లెక్కపెట్టడంలోనూ నేను ఒక కొలతను ముఖ్యమైనదిగా భావిస్తాను. మన తీరం తూర్పు తీరం కాబట్టి సూర్యుడు సముద్రంలోంచి ఉదయిస్తాడు, అస్తమించేది మాత్రం మన వీపు వెనుక, నేల మీద. కాబట్టి మన సముద్రాన్ని చూడవలసిన వేళ తెల్లవారుజాము. కొండల సంగతీ అంతే. లోయల్లో రాత్రంతా పేరుకున్న పొగమంచు, మేఘాలు సూర్యోదయానికి అటూ ఇటూ రెండు గంటలపాటే నిలుస్తాయి, తొమ్మిది దాటితే ఎండ వాటిని కరిగించివేస్తుంది. మధ్యాహ్నం పూట చేరి సాయంత్రానికి తిరిగి బయలుదేరేవారికి కొండ అయినా కడలి అయినా సగమే కనిపిస్తుంది. కనుక ప్రయాణాన్ని రోజులతో కాక, ఎన్ని ఉదయాలు చేతికి అందుతున్నాయన్న లెక్కతో కొలవాలి. కొండ మీద ఒక ఉదయం, తీరాన ఒక ఉదయం కావాలంటే కనీసం రెండు రాత్రులు బయట ఉండాలి. ఒక్క రాత్రే ఉన్నవారు రెండింటిలో ఒకదానికి మాత్రమే ఆ వేళను కేటాయించగలరు.

ఇక భూమి అమరిక సంగతి. తూర్పు కనుమలు మన రాష్ట్రమంతటా తీరానికి ఒకే దూరంలో నడవవు. కృష్ణా గోదావరుల మధ్య ఆ వరుస తెగిపోయి ఉంటుంది. మన చుట్టూ ఇంద్రకీలాద్రి, కొండపల్లి, మంగళగిరి, కొండవీడు వంటివి విడివిడి గుట్టలుగా నిలిచాయే తప్ప ఎడతెగని పర్వతశ్రేణి లేదు. ఆ గుట్టలకూ సముద్రానికీ నడుమ నదులు తెచ్చిన ఒండ్రుతో ఏర్పడిన డెల్టా పరుచుకుని ఉంది. తుని దాటి ఉత్తరానికి పోయేకొద్దీ కనుమలు తీరానికి జరుగుతూ వచ్చి, విశాఖపట్నం దగ్గర కొండ పాదాలు నేరుగా నీటిలో దిగుతాయి. దీనివల్ల మనకు ఒక చిక్కు వస్తుంది: ఇంటికి దగ్గరలో ఉన్న కొండలు సముద్రానికి దూరం, సముద్రానికి దగ్గరలో ఉన్న కొండలు ఇంటికి దూరం. కింద చెప్పబోయే నాలుగు దారులలో ప్రతిదీ ఈ చిక్కును ఒక్కో విధంగా విడదీస్తుంది.

ఒకే రాత్రి ఉంటే: కొండవీడు, చీరాల, సూర్యలంక

శనివారం ఉదయం బయలుదేరి ఆదివారం రాత్రికి ఇంట్లో ఉండవలసినవారికి నేను ఈ దారి తప్ప మరొకటి సూచించను. గుంటూరు నుంచి చిలకలూరిపేట వైపు జాతీయ రహదారి మీద వెళుతూ కొండవీడుకు తిరగాలి. గుంటూరు నుంచి గంటలోపు ప్రయాణం. కొండ మీదకు ఘాట్ రోడ్డు వేశారు కాబట్టి కారు పైదాకా పోతుంది. అద్దంకి తరువాత రెడ్డిరాజులకు రాజధాని అయిన ఈ దుర్గాన్ని 1515లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్నాడు. పైన ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ళ చెరువు అనే మూడు చెరువులు ఉన్నాయి. బురుజుల మీద నిలబడితే పత్తి, మిరప చేలు కనుచూపు మేర కనిపిస్తాయి. చరిత్ర మీద ఆసక్తి ఉన్న పిల్లలు ఇంట్లో ఉంటే ఇక్కడ సగం రోజు సులువుగా గడుస్తుంది. వయసు మళ్ళినవారితో వెళ్ళేవారు కొండవీడుకు బదులు నరసరావుపేట దగ్గరి కోటప్పకొండను ఎంచుకోవచ్చు. త్రికూటేశ్వరుని ఆలయం దాకా వాహనాలు పోతాయి, కూర్చోవడానికి నీడ, తాగడానికి నీరు ఉంటాయి. కార్తికమాసంలోనూ మహాశివరాత్రి ముందువెనుకలలోనూ మాత్రం ప్రభల సందడి, భక్తుల రద్దీ దృష్టిలో పెట్టుకోవాలి. ఆ రోజులలో అక్కడికి పోవలసింది స్వామి దర్శనానికే తప్ప ప్రశాంతంగా కొండ చూడడానికి కాదు.

మధ్యాహ్నం దాటాక చిలకలూరిపేట, పర్చూరు మీదుగా చీరాల చేరితే వాడరేవు అక్కడికి ఆరేడు కిలోమీటర్లే. రాత్రి బస చీరాల, బాపట్ల పరిసరాలలో పెట్టుకుని తెల్లవారకముందే సూర్యలంక తీరానికి చేరుకోవాలి. బాపట్ల నుంచి తొమ్మిది కిలోమీటర్లు. ఇసుక వెడల్పుగా, తీరం లోతు తక్కువగా ఉండడం వల్ల పిల్లలకు అనువుగా కనిపిస్తుంది కాని, లోపలి ప్రవాహాలు మోసం చేస్తాయి. మోకాలి లోతు దాటి వెళ్ళకుండా పెద్దలు దగ్గర నిలబడి కాపు కాయాలి, పోలీసులు వద్దన్న చోట దిగకూడదు. తిరుగు దారిలో పొన్నూరు ఆంజనేయస్వామిని దర్శించుకుని మధ్యాహ్న భోజనానికి గుంటూరు చేరవచ్చు. విజయవాడ నుంచి లెక్కవేసినా మొత్తం ప్రయాణం 250 కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే. ఈ దారి లోపం దాచవలసినది కాదు: ఇక్కడి కొండలు రాతిగుట్టలు, దట్టమైన అడవి, జలపాతం, చల్లదనం వీటి నుంచి ఆశించకూడదు. ఒకే ఉదయం ఉంది, దానిని సముద్రానికి ఇచ్చాము. ఆ మేరకు ఇది నిండైన ప్రయాణమే.

రెండు రాత్రులు ఉంటే: మారేడుమిల్లి, కాకినాడ

నన్ను అడిగిన చాలామందికి నేను సూచించేది ఈ దారినే. దూరానికీ దక్కే దృశ్యానికీ ఇంతటి పొంతన మిగతా మూడింటిలో లేదు. విజయవాడ నుంచి రాజమహేంద్రవరం సుమారు 160 కిలోమీటర్లు, అక్కడి నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి దాదాపు మరో 90 కిలోమీటర్లు. ఉదయం ఆరింటికి బయలుదేరితే రాజమహేంద్రవరంలో టిఫిను చేసి, మధ్యాహ్నానికి అడవిలో ఉండవచ్చు. గుంటూరు నుంచి వచ్చేవారు ఇంకో గంట ముందు బయలుదేరాలి. బెంజి సర్కిల్ ప్రాంతాన్ని తెల్లవారేలోపు దాటడం వల్ల కలిసివచ్చే సమయం చిన్నది కాదు.

గోదావరి దాకా పోవడానికి రెండు మార్గాలున్నాయి. గుండుగొలను దాటాక నల్లజర్ల, దేవరపల్లి మీదుగా కొవ్వూరు పోయే రహదారి మెట్టసీమ గుండా సాగుతుంది. పామాయిల్, పొగాకు తోటలు కనిపిస్తాయి, వాహనాల ఒత్తిడి తక్కువ, దూరమూ తక్కువ. తాడేపల్లిగూడెం, తణుకు, రావులపాలెం మీదుగా పోయే పాత దారి డెల్టా గుండా సాగుతుంది, ఊళ్ళు ఎక్కువ, వేగం తక్కువ. పోయేటప్పుడు మెట్టదారిన పోయి, వచ్చేటప్పుడు డెల్టా దారిన వస్తే ఒకే రోడ్డును రెండుసార్లు చూసే విసుగు ఉండదు. పైగా తిరుగు ప్రయాణంలో తొందర ఉండదు కాబట్టి రావులపాలెం దగ్గర పక్కకు తిరిగి ఆత్రేయపురంలో పూతరేకులు చుట్టే తీరు చూసి రావచ్చు.

రంపచోడవరం దాటిన తరువాత దారి స్వరూపమే మారిపోతుంది. వెదురు, టేకు, మద్ది చెట్లు రోడ్డు మీదకు వంగి, మలుపు మలుపుకూ ఎండ తగ్గుతుంది. రంప జలపాతం రంపచోడవరానికి దగ్గరలోనే ఉంది. మారేడుమిల్లి దాటి చింతూరు వైపు ఘాట్‌లో పోతే జలతరంగిణి, అమృతధార జలపాతాలు వస్తాయి. వానాకాలం ముగిసిన తరువాత, అంటే అక్టోబరు నుంచి జనవరి వరకు, వీటిలో నీరు బాగుంటుంది. మార్చి దాటితే సన్నని ధార మాత్రమే మిగులుతుంది. వేసవిలో పోదలచినవారు జలపాతాల మీద ఆశ పెట్టుకోకుండా, అడవి నీడ కోసమే పోవాలి. అక్కడ బొంగులో చికెన్ తప్పక తినవలసినది, అయితే వెదురు గొట్టంలో మాంసం నిప్పుల మీద ఉడకడానికి సమయం పడుతుంది కాబట్టి ముందుగా చెప్పి ఉంచాలి. తొందరపెడితే సగం ఉడికిన మాంసమే దొరుకుతుంది.

ఇక్కడి ఉదయాన్ని గడపవలసిన చోటు గుడిస. మారేడుమిల్లికి పైన, దూరంగా ఉన్న ఈ పచ్చికకొండకు పోయే దారి చివర మామూలు కార్లకు పనికిరాదు. స్థానికుల జీపు మాట్లాడుకుని, అర్ధరాత్రి దాటాక లేచి, సూర్యోదయానికి పైన ఉండాలి. మేఘాలు కాళ్ళ కింద పరుచుకునే దృశ్యం కోసం ఈ శ్రమ పడవచ్చు. చిన్న పిల్లలూ, నడుము నొప్పి ఉన్నవారూ మాత్రం దీనిని వదులుకుని, బస చేసిన చోటనే వాగు ఒడ్డున ఆ ఉదయాన్ని గడపడం మంచిది. అడవిలో ఆ వేళకు వినిపించే పక్షుల సవ్వడి ఎవరికీ తక్కువ అనిపించదు. అటవీశాఖ ఆంక్షలు కాలాన్ని బట్టి మారుతుంటాయి కాబట్టి బస ఇచ్చినవారిని ముందే అడిగి తెలుసుకోవాలి.

రెండవ రోజు మధ్యాహ్నం కొండ దిగి జగ్గంపేట, పెద్దాపురం, సామర్లకోట మీదుగా కాకినాడ చేరాలి. మూడు గంటలకు కొంచెం అటూ ఇటూ పడుతుంది. కాకినాడ సముద్రం విశాఖ సముద్రంలా ఉరుములతో విరుచుకుపడదు. గోదావరి తెచ్చిన ఇసుకతో ఏర్పడిన హోప్ ఐలాండ్ అనే పొడవైన దిబ్బ అడ్డు నిలబడి ఉండడం వల్ల అఖాతంలో అలలు నెమ్మదిగా ఉంటాయి. ఎగసిపడే అలలను ఊహించుకుని వచ్చేవారికి ఇది కొంత నిరాశ కలిగించవచ్చు. కాని ఈ తీరం దాచుకున్న సంపద వేరు. నగరానికి దక్షిణంగా ఉన్న కోరంగి అభయారణ్యంలోని మడ అడవులలో చెక్కబాట మీద నడుస్తుంటే, బురదలోంచి పైకి పొడుచుకువచ్చిన శ్వాసవేర్లు, పోటుకు నిండి పాటుకు ఎండే కాలువలు, నీటి అంచున వేటాడే కొంగలు కనిపిస్తాయి. నదీ సముద్రమూ కలిసే చోట నేల ఎలా పుడుతుందో పిల్లలకు చూపించడానికి మన రాష్ట్రంలో ఇంతకు మించిన చోటు నాకు తెలియదు. ఉప్పాడ వైపు పోయే తీరపు రోడ్డు అందంగా ఉంటుంది కాని, అక్కడ సముద్రం ఏటేటా నేలను కోస్తున్నది. అలల ఉద్ధృతి ఉన్న రోజుల్లో ఆ రోడ్డును మూసివేస్తారు, ఆ సమయంలో దానిని నమ్ముకోకూడదు.

మూడవ రోజు యానాం, అమలాపురం మీదుగా కోనసీమలో 216వ జాతీయ రహదారిపై సాగవచ్చు. కొబ్బరితోటల మధ్య, పాయ తరువాత పాయ దాటుతూ పోయే ఈ దారి నెమ్మదైనది. ఆ నెమ్మది ఇష్టమైనవారు అంతర్వేది దాకా పోయి వాసిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటు చూడవచ్చు. అంత తీరిక లేనివారు ద్రాక్షారామంలో భీమేశ్వరుని దర్శించుకుని రావులపాలెం వైపు వచ్చేయవచ్చు.

పాపికొండలను కూడా ఇందులో కలపవచ్చునా అన్న ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. కలపవద్దని నా సలహా. పడవ ప్రయాణానికి ఒక రోజంతా పడుతుంది, దానిని రెండు రాత్రుల ప్రయాణంలో ఇరికిస్తే మారేడుమిల్లి ఉదయమో కాకినాడ ఉదయమో పోతుంది. విడిగా పోయేవారు కూడా వరదకాలంలో పడవలు ఆపివేస్తారన్న సంగతి, లైఫ్ జాకెట్ లేకుండా పడవ ఎక్కకూడదన్న సంగతి మరువకూడదు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పడవ మునిగిపోయింది గోదావరి వరదలో ఉన్నప్పుడే.

రెండు రాత్రులకే మరో దారి: శ్రీశైలం, చీరాల

గుంటూరు, నరసరావుపేట ప్రాంతాలవారికి ఉత్తరం వైపు పోవడం కన్నా పడమటికి పోవడం దగ్గర అవుతుంది. వినుకొండ, త్రిపురాంతకం మీదుగా దోర్నాల చేరి, అక్కడి నుంచి నల్లమల ఘాట్‌లో సుమారు యాభై కిలోమీటర్లు ఎక్కితే శ్రీశైలం. దేశంలోని పులుల అభయారణ్యాలలో విస్తీర్ణం రీత్యా పెద్దది నాగార్జునసాగర్ శ్రీశైలం అభయారణ్యమే కాబట్టి ఈ రోడ్డును రాత్రి తొమ్మిది గంటల ప్రాంతం నుంచి తెల్లవారే దాకా మూసివేస్తారు. దోర్నాలకు చీకటి పడకముందే చేరేలా బయలుదేరాలి. మరునాడు మార్కాపురం, పొదిలి, ఒంగోలు మీదుగా తీరానికి వచ్చి వాడరేవు దగ్గర బస చేసి, బాపట్ల మీదుగా ఇల్లు చేరవచ్చు. దర్శనం ప్రధానమైన కుటుంబానికి ఇది చక్కని దారి. అయితే కొండకూ సముద్రానికీ మధ్య రెండు వందల కిలోమీటర్లకు పైగా మెట్టభూములు ఉన్నాయి, వేసవిలో ఆ ఎండ భరించడం కష్టం. పైగా శ్రీశైలంలో ఉదయం వేళ క్యూలో గడిచిపోతుంది, కొండను చూడడానికి మిగలదు. దర్శనం కోసం కాక కేవలం ప్రకృతి కోసమే పోయేవారికి మారేడుమిల్లి దీనికన్నా మెరుగు.

మూడు రాత్రులు ఉంటే: లంబసింగి, పాడేరు, అరకు, భీమిలి

మూడు రాత్రులు, నాలుగు పగళ్ళు చేతిలో ఉన్నప్పుడే అరకు పేరు ఎత్తాలి. అలా ఎత్తినప్పుడు కూడా నేరుగా విశాఖపట్నం పోయి, అక్కడి నుంచి అరకు ఎక్కి, అదే దారిన దిగి రావడం మన ప్రాంతంవారికి తగిన పద్ధతి కాదు. హైదరాబాదు నుంచి రైలులోనో విమానంలోనో వచ్చేవారికి విశాఖ కేంద్రం కావడం సహజం. మనం కారులో దక్షిణం నుంచి పోతున్నాము కాబట్టి, కొండలలోకి మనకు ముందుగా తగిలే ద్వారం నర్సీపట్నం. జాతీయ రహదారి మీద అన్నవరం దాటి, తుని దగ్గర పక్కకు తిరిగి నర్సీపట్నం చేరితే, లంబసింగి అక్కడికి ముప్పై కిలోమీటర్లే. అక్కడ ఘాట్ ఎక్కినవారు చింతపల్లి, పాడేరు, అరకు అంతా కొండల మీదే నడిచి, అనంతగిరి ఘాట్‌లో దిగి, భీమిలి తీరానికి చేరవచ్చు. విజయవాడ నుంచి ఈ చుట్టు మొత్తం సుమారు 900 కిలోమీటర్లు. విశాఖ మీదుగా అరకు పోయి అదే దారిన తిరిగివచ్చినా దాదాపు అంతే దూరం అవుతుంది. అంటే అదనపు పెట్రోలు ఖర్చు లేకుండానే ఎక్కిన దారిన మళ్ళీ దిగవలసిన పని తప్పుతున్నది, చూసే కొండలు రెట్టింపు అవుతున్నాయి. ఈ దారికి నేను ఇంత మొగ్గు చూపడానికి కారణం అదే.

మొదటి రోజు ప్రయాణం పొడుగు, సుమారు 320 కిలోమీటర్లు, కాని అందులో ఎక్కువ భాగం నాలుగు వరుసల రహదారి. అన్నవరంలో సత్యనారాయణస్వామి దర్శనానికి ఆగేవారు రెండు గంటలు అదనంగా వేసుకోవాలి. సూర్యాస్తమయానికి ముందే లంబసింగి చేరాలన్న నియమం మాత్రం సడలించకూడదు. డిసెంబరు, జనవరి నెలల్లో పోయేవారు రాత్రి అక్కడే ఉండాలి. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న ఈ చిన్న ఊరిలో ఆ నెలల్లో ఉష్ణోగ్రత కొన్ని తెల్లవారుజాముల్లో సున్నాకు చేరువగా దిగుతుంది. మన బెజవాడ చలికి కొన్న స్వెట్టర్లు అక్కడ సరిపోవు, చెవులకు టోపీ, చేతులకు తొడుగులు, మందమైన దుప్పటి వెంట ఉండాలి. చలికాలం కానప్పుడు లంబసింగిలో ఆగకుండా పాడేరు దాకా పోయి బస చేయడం మేలు, ఎందుకంటే మేఘాల సముద్రానికి పేరుపడ్డ వంజంగి కొండ పాడేరుకు దగ్గరలో ఉంది. వంజంగికి చీకటితోనే బయలుదేరి కొంత దూరం కాలినడకన ఎక్కాలి. మేఘాలు ఏ రోజు వస్తాయో ఎవరూ హామీ ఇవ్వలేరు. వాన వెలిసి, ఆకాశం తేటపడి, గాలి లేని రాత్రి తరువాత అవకాశం ఎక్కువ.

చింతపల్లి నుంచి పాడేరు పోయే దారిలో జి.మాడుగుల దగ్గర కొత్తపల్లి జలపాతం ఉంది. పాడేరు నుంచి అరకు సుమారు 45 కిలోమీటర్లు. దారి పొడవునా సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ తోటలు, ఆ చెట్లకు పాకిన మిరియాల తీగలు కనిపిస్తాయి. ఇక్కడి గిరిజన రైతులు పండించే అరకు వ్యాలీ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. మార్చి, ఏప్రిల్ నెలల్లో కాఫీ పూత తెల్లగా విరబూస్తుంది, నవంబరు తరువాత పండ్లు ఎర్రబడి కోతలు సాగుతాయి. నవంబరు, డిసెంబరు నెలల్లో వలిసె పూలు లోయలకు పసుపు పూసినట్టు పరుచుకుంటాయి. ఆ చేలలోకి దిగి ఫొటోల కోసం మొక్కలు తొక్కేవారిని చూస్తే బాధ కలుగుతుంది, అది ఒక రైతు పంట. గట్టు మీద నిలబడి తీసుకుంటే ఫొటో ఏమీ తగ్గదు. వారపు సంత రోజు దారిలో తగిలితే ఆగి పసుపు, మిరియాలు, చిక్కుడు గింజలు కొనుక్కోవచ్చు. బేరమాడకుండా కొనడం నా అభిప్రాయంలో మర్యాద.

అరకులో గిరిజన మ్యూజియం, పద్మాపురం తోటలు ఒక పూటలో ముగుస్తాయి. మూడవ రోజు ఉదయం బయలుదేరి అనంతగిరి వైపు దిగుతూ బొర్రా గుహలు చూడాలి. గుహల్లో మెట్లు ఎక్కువ, నేల తడిగా ఉంటుంది, మోకాళ్ళ నొప్పులున్నవారు పైన కూర్చోవడమే క్షేమం. సున్నపురాతిని నీరు కరిగించడంతో ఈ గుహలు ఏర్పడ్డాయి. ఈ కొండల్లో పుట్టి బొర్రా మీదుగా దిగే గోస్తని నదే భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. అందుకే శృంగవరపుకోట దిగిన తరువాత విశాఖ నగరంలోకి పోకుండా తగరపువలస మీదుగా నేరుగా భీమిలి చేరమంటాను. ఉదయం గుహలో చూసిన నది సాయంత్రం ఇసుకలో అలలను తాకడం కళ్ళారా కనిపిస్తుంది. కొండనూ కడలినీ కలిపే ప్రయాణానికి ఇంతకన్నా సహజమైన దారి లేదు.

మూడవ రాత్రి భీమిలిలోనో రుషికొండ పరిసరాలలోనో గడిపి, నాలుగవ ఉదయం తీరంలో సూర్యోదయం చూశాక బీచ్ రోడ్డు మీద విశాఖ వైపు రావాలి. భీమిలిలో డచ్చివారి పాత శ్మశానవాటిక ఉంది. దారిలో ఎర్రమట్టి దిబ్బలు, తొట్లకొండ బౌద్ధారామం వస్తాయి. ఎర్రమట్టి దిబ్బలు గాలీ నీరూ వేల ఏళ్ళలో మలిచిన ఇసుకమట్టి గుట్టలు, వాటి మీద ఎక్కి అంచులు విరగదొక్కకూడదు. విశాఖ తీరంలో అలల లాగుడు బలంగా ఉంటుంది, కాళ్ళు తడుపుకోవడానికి మించి దిగవద్దు. మధ్యాహ్నం పన్నెండు లోపు నగరం వదిలితే రాత్రి ఏడెనిమిదింటికి విజయవాడ చేరవచ్చు.

ఘాట్ అంటే కళ్ళు తిరిగేవారు ఇంట్లో ఉంటే ఈ దారిని కొంత మార్చుకోవచ్చు. విశాఖలో బస చేసి, వారిని ఉదయం కిరండూల్ వైపు పోయే రైలెక్కించి, మిగిలినవారు కారులో వెళ్ళి అరకులో కలుసుకోవచ్చు. సొరంగాలు, లోయల మీది వంతెనలు దాటే ఆ రైలుదారి కారులో చూడలేని దృశ్యాలను చూపిస్తుంది. అయితే అప్పుడు లంబసింగి, పాడేరు వదులుకోవలసి వస్తుంది.

ఎవరితో పోతున్నారు, ఎప్పుడు పోతున్నారు

రాత్రుల లెక్క తేలిన తరువాత చూడవలసినవి మనుషులూ కాలమూ. అయిదేళ్ళలోపు పిల్లలు ఉంటే మూడు రాత్రులు దొరికినా నేను అరకు చుట్టుకు బదులు మారేడుమిల్లి, కాకినాడలనే మూడు రాత్రులకు పరచమంటాను. మలుపుల దారిలో పిల్లలకు వాంతులు అవుతాయి, అరకు చుట్టులో ఘాట్ రోజుల తరబడి వదలదు. కారు నడిపేవారు ఒక్కరే ఉంటే కూడా అదే మాట. నాలుగు వరుసల రహదారి మీద రోజుకు ఆరేడు గంటలు నడపడం వేరు, ఘాట్‌లో మూడు గంటలు నడపడం వేరు, రెండవదే మనిషిని ఎక్కువగా అలసిపోయేలా చేస్తుంది. అద్దె కారు మాట్లాడుకునేవారు ఘాట్ ఛార్జీ, డ్రైవరు బత్తా, అతనికి రాత్రి పడుకునే చోటు ముందే తేల్చుకోవాలి. డ్రైవరు కారులోనే ముడుచుకుని పడుకున్న మరునాడు అతని చేతిలో స్టీరింగు ఉంచి కొండ దిగడం మన పిల్లల ప్రాణాలతో చెలగాటం.

ఘాట్‌లో ఎక్కేటప్పుడు ఏ గేరు అవసరమైందో దిగేటప్పుడూ అదే గేరులో దిగాలి. న్యూట్రల్‌లో వదిలి బ్రేకు మీదే ఆధారపడితే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. ఎక్కే వాహనానికి దిగే వాహనం దారి ఇవ్వాలి. కనిపించని మలుపు దగ్గర హారను కొట్టాలి, పొగమంచులో హెడ్‌లైట్లు లో బీమ్‌లోనే ఉంచాలి. పెట్రోలు నర్సీపట్నంలోనో రంపచోడవరంలోనో ట్యాంకు నిండా పట్టించుకుని ఎక్కాలి. ఫోను సిగ్నలు చాలాచోట్ల ఉండదు కాబట్టి మ్యాపును ముందే ఫోనులోకి దించుకోవాలి, కొంత నగదు చేతిలో ఉంచుకోవాలి.

కాలం విషయంలో కొండా సముద్రమూ ఒకదానితో ఒకటి పోటీ పడతాయి. కొండలు నిండుగా ఉండేది వానలు ముగిసిన అక్టోబరు, నవంబరులలో, అదే సమయంలో బంగాళాఖాతంలో తుపానులు లేస్తాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను, 2023 డిసెంబరులో మిచౌంగ్ బాపట్ల తీరాన్ని తాకిన సంగతి మనకు తెలిసినదే. అక్టోబరు నుంచి డిసెంబరు నడిమి దాకా పోయేవారు బయలుదేరే ముందు మూడు నాలుగు రోజుల వాతావరణ సూచన చూసుకోవాలి. అల్పపీడనం గురించి హెచ్చరిక ఉంటే ఆ విడత మానుకోవాలి, ఎందుకంటే తీరానికి తుపాను వస్తే ఘాట్‌లో కొండచరియలు విరిగిపడతాయి. డిసెంబరు నడిమి నుంచి ఫిబ్రవరి వరకు రెండింటికీ అనుకూలమైన కాలం, సంక్రాంతి వారం ఒక్కటి మినహాయించాలి. ఆ వారం విజయవాడ దాటే రహదారి మీద హైదరాబాదు నుంచి ఊళ్ళకు పోయే కార్లు టోల్ గేట్ల దగ్గర బారులు తీరుతాయి. జూలై, ఆగస్టు నెలల్లో అరకు పచ్చగా ఉంటుంది కాని కొండచరియల భయం ఉంటుంది. మే నెలలో మన ఎండకు భయపడి పారిపోదలచినవారికి లంబసింగి, అరకు రాత్రులు మాత్రమే ఊరటనిస్తాయి, సూర్యలంక ఇసుక మధ్యాహ్నం కాళ్ళు పెట్టనివ్వదు.

గదుల విషయంలో కొండ మీది బసను ముందుగా ఖాయం చేసుకోవాలి. చీరాల, కాకినాడ, విశాఖలలో ఎప్పుడైనా గది దొరుకుతుంది. మారేడుమిల్లి, లంబసింగి, అరకులలో శనివారం రాత్రి గదులు నెల ముందే నిండిపోతాయి. ఆ గది దొరకకపోతే ప్రయాణాన్ని రద్దు చేసుకోనవసరం లేదు, సెలవును ఒక రోజు ముందుకో వెనుకకో జరిపి, శనివారం రాత్రి తీరంలోనూ ఆదివారం రాత్రి కొండ మీదా ఉండేలా దారిని తిరగేసుకోవచ్చు. సోమవారం ఉదయం వంజంగిలోనూ గుడిసలోనూ జనం బాగా తక్కువగా ఉంటారు.